పీతలక్క సాక్ష్యం

పీతలక్క చేతి దెబ్బ తిన్నవాళ్లు ఆ రేవులో తక్కువలో తక్కువ డజనుమంది ఉంటారు. తాగొచ్చి పెళ్లాన్ని జుట్టుపట్టి వీధిలోకి ఈడ్చిన పడవ సరంగు ఒకడు. అడక్కుండా ఆమె బుట్టలో చెయ్యిపెట్టి పెద్ద పీతల్ని ఏరుకోబోయిన బేరగాడు ఇంకొకడు. ఆ డజనులో కట్టుకున్న మొగుడు మాత్రం లేడు. "ఆయన్ని కొట్టాలంటే ముందు ఆయన నోరు విప్పి ఏదో ఒక మాట అనాలి కదమ్మా! ఇరవయ్యేళ్లుగా ఎదురుచూస్తున్నా" అని తనే చెప్పి అందర్నీ నవ్వించేది.

మొగుడు పడవలు బాగుచేసే వడ్రంగి. రేవు పక్కన రేకుల షెడ్డులో పొద్దున్నించీ సాయంత్రం దాకా అతని కొయ్యసుత్తి చప్పుడు వినపడుతూనే ఉండేది. ఆమె పని మడ అడవిలో. సముద్రం వెనక్కి తీసినప్పుడు, చెట్ల వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. వాటి మధ్య మోకాలి లోతు బురదలో దిగి, పీత బొరియ కనిపెట్టి, పొడుగాటి ఇనుప కొక్కెం లోపలికి పోనిచ్చి, మెలిపెట్టి లాగాలి. బయటికి వచ్చిన పీత వీపు మీద కాలు వేసి, కరిచే రెండు డెక్కలూ తాడుతో బిగించి కట్టాలి. ఇది క్షణంలో జరిగిపోవాలి. పదిహేడో ఏట ఆ క్షణం కాస్త ఆలస్యమైంది, ఎడమచేతి చిటికెన వేలు పోయింది. ఆ పీతను మాత్రం ఆమె వదల్లేదు. వేలు తెగిన చేత్తోనే కట్టి బుట్టలో వేసి, ఆ తర్వాత కూర్చుని ఏడ్చింది. అసలు పేరు వెనక్కిపోయి పీతలక్క అన్నది అప్పుడే స్థిరపడింది.

తల్లి పోయేనాటికి తమ్ముడికి నాలుగేళ్లు. తండ్రి అంతకుముందే ఇంకో ఊరు, ఇంకో సంసారం చూసుకున్నాడు. తమ్ముణ్ణి ఆమే చంకనేసుకుని పెంచింది. వాడికి బురదంటే భయం. యంత్రాలంటే పిచ్చి. పెద్దయ్యాక పొక్లెయిన్ నడపడం నేర్చుకున్నాడు, నేర్చుకుని ఆ చుట్టుపక్కల వాడంతటి పనిమంతుడు లేడనిపించుకున్నాడు. మొదటిసారి యంత్రం చేతికిచ్చిన రోజున అక్కని తీసుకెళ్లి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. అంత పెద్ద ఇనుప బకెట్‌ని మెల్లగా దించి, నేల మీద నీళ్లు నింపి నిలబెట్టిన గాజు సీసాని పంటి అంచుతో ఎత్తి, చుక్క నీరు ఒలక్కుండా ఆమె ఒడిలో పెట్టాడు. ఆ సంగతి ఆమె కనీసం ఏడాదిపాటు కనిపించినవాళ్లందరికీ చెప్పింది.

ఆ తర్వాత మూడేళ్లకు తుఫాను వచ్చింది, పట్టపగలే. పీతలక్క వీధిలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి, గంటన్నరలో తీసేశాయి. సముద్రానికీ వాళ్ల ఇళ్లకీ మధ్య మైలు వెడల్పున మడ అడవి ఉంది. పాయ అవతలి పేటకి ఆ అడవి లేదు. అక్కడ ఐదేళ్ల కిందటే చెట్లన్నీ నరికించి రొయ్యల చెరువులు తవ్వించారు. అడ్డం లేని సముద్రం ఆ చెరువుల మీదుగా పరిగెత్తుకొచ్చి, ఇళ్ల కప్పులమీంచి పోయింది.

మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్లాం పడవేసుకుని అవతలికి వెళ్లారు. గట్లన్నీ తెగిపోయి ఉన్నాయి. చెరువుల చుట్టూ వేసిన ముళ్లకంచె మాత్రం చాలాచోట్ల నిలబడే ఉంది. నీళ్లు లాక్కుపోయిన మనుషుల్ని ఆ కంచే ఆపింది. పీతలక్క నడుంలోతు నీళ్లలో నిలబడి, ఒక్కొక్క ముల్లూ బట్టలోంచి, జుట్టులోంచి, చర్మంలోంచి విడదీస్తూ శవాల్ని దించింది. ఒక ముసలావిడ రెండు చేతుల్తో ఇద్దరు పిల్లల్ని పట్టుకునే ప్రాణం వదిలింది. ఆ చేతులు విడదీయడానికి వీల్లేకపోయింది. ముగ్గుర్నీ ఒక్క కట్టగానే పడవలోకి ఎత్తారు. సాయంత్రానికి పంతొమ్మిదిమంది తేలారు. వడ్రంగి ఆ వారమంతా పడవలు ముట్టుకోలేదు, పెట్టెలే చేశాడు.

"మన చెట్లు లేకపోతే ఆ పెట్టెలు మనకే" అని పీతలక్క వీధి మధ్యలో నిలబడి అరిచింది. కాదన్నవాడు లేడు.

అటవీశాఖ వాళ్ల గార్డు ఒకడుండేవాడు. నలభై మైళ్ల తీరానికి ఒక్కడే గార్డు, ఒక్కటే సైకిలు. అతనొచ్చి, ఊరివాళ్లే కమిటీ వేసుకుంటే అడవి కాపలా, పెంపకం వాళ్ల చేతికి కాగితం మీద రాసిస్తారని చెప్పాడు. ఇంటికొకరు చొప్పున చేరారు. పచ్చి చెట్టు మీద కత్తి పెట్టకూడదు, ఎండు పుల్ల ఏరుకోవచ్చు, పగలు నీళ్లు వెనక్కి తీసే ప్రతి పాటుకీ ఇద్దరేసి కాపలా తిరగాలి. గార్డు మొత్తం కమిటీకి ఒకే ఒక ఈల ఇచ్చి వెళ్లాడు. అది వీధిలో అందరూ చెవిటి పెద్దమ్మ అని పిలిచే ఆవిడ చేతిలో పడింది. ఊదింది ఆవిడకి వినపడదు కాబట్టి మోగలేదేమో అనుకుని ఊదుతూనే ఉండేది. మొదటి రోజు ఆ గోలకి పడవల మీద ఉన్నవాళ్లంతా మళ్లీ ఉప్పెన వచ్చిందనుకుని ఒడ్డుకి పరిగెత్తుకొచ్చారు.

పాయ పక్కన చిన్న మడి కట్టి మొక్కలు పెంచారు. మడ చెట్టు కాయ చెట్టునుండగానే మొలకెత్తుతుంది, పెన్సిలంత పొడుగున వేలాడుతుంది. వాటిని ఏరుకొచ్చి, సంచుల్లో పెంచి, వేళ్లు నిలదొక్కుకోగానే పాయ అవతలి ఖాళీల్లో నాటేవాళ్లు. రెండేళ్లలో పదివేల మొక్క నాటారు. సగం పీతలే కొరికేశాయి. "నా మీద పగ తీర్చుకుంటున్నాయి" అనేది పీతలక్క.

అప్పుడే ఆమె చేసిన పని ఒకటుంది. దాన్ని ఆమె ఎప్పుడూ దాచుకోలేదు.

ఒక మధ్యాహ్నం కాపలాలో ఉండగా గొడ్డలి చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే, బక్కచిక్కిన మనిషొకడు నిటారుగా ఉన్న నాలుగు చెట్లు పడగొట్టి, ఐదోదాని మీద గొడ్డలి ఎత్తి ఉన్నాడు. పీతలక్క కేక వెయ్యలేదు, అడగలేదు. చేతిలోని తెడ్డు రెండు చేతులా ఎత్తి దింపింది. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. వాడు బురదలో పడి పొర్లాడుతుంటే ఇంకో రెండు వేసింది. జతగా వచ్చిన చెవిటి పెద్దమ్మ అడ్డంపడి, "చచ్చిపోతాడే!" అని తెడ్డు పట్టుకుంది.

మూలిగి మూలిగి వాడు అన్నది ఒకటే మాట. "గుడిసెకి వాసాలమ్మా."

వాడు పాయ అవతలి పేట మనిషి. కంచె దగ్గర ఇద్దరు పిల్లల్ని పట్టుకుని పోయిన ముసలావిడ వాడి తల్లి. ఆ పిల్లలు వాడి పిల్లలు.

పీతలక్క తెడ్డు వదిలేసింది. వాణ్ణి భుజానికెత్తుకుని పడవలో వేసి, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, కట్టు కట్టేదాకా కదలకుండా కూర్చుంది. మర్నాడు మొగుడితో పలకలూ మేకులూ పట్టుకుని వెళ్లింది. ఇద్దరూ కలిసి వాడికీ, వాడి పెళ్లానికీ ఒక గది నిలబెట్టారు. వాణ్ణి అందరూ బక్కోడనేవాళ్లు. మేకు అందిస్తూ వాడు అన్నాడు:

"కొట్టిన చేత్తోనే కడతన్నావా అక్కా?"

"కట్టనివ్వకపోతే రెండోదీ విరుస్తా. నోరు మూసుకుని కూర్చో."

చెయ్యి అతికింది గానీ వంకరగా అతికింది. బక్కోడు ఆ వంకర చేత్తోనే కమిటీలో చేరాడు. బురదలో వాడంత వేగంగా నడిచేవాడు లేడు. అవతలి పేట నుంచి ఇంకో పదిమందిని వాడే తీసుకొచ్చాడు. వాడి పెళ్లాం మాత్రం పీతలక్కతో మాట్లాడేది కాదు. మొలక సంచులు అందిస్తే తీసుకునేది, అంతే.

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా ఆసామి దిగాడు. అవతలి పేట చెరువులు అతనివే. తుఫానుకి పాడైపోయిన వాటిని వదిలేసి, ఇప్పుడు ఇవతలి అడవి మీద కన్నేశాడు. ఎక్కడో ఏ బల్లకింద పుట్టాయో తెలియదు గానీ, అడవి అంచున వంద ఎకరాలకు తన పేరు మీద కాగితాలు తెచ్చాడు. ముందు మర్యాదగానే పీతలక్క ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, బల్ల మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగాడు.

"ఇంకా ఎన్నాళ్లమ్మా బురదలో? చెరువుల మీద కాపలా మేస్త్రీగా పెట్టుకుంటాను. గొడుగు కింద కూర్చుని చూసుకో."

"బురద నాకు బాగానే ఉందండీ. మీకే చెప్పులు పాడవుతాయి. అవతలి గట్టునుంచి దగ్గర దారి ఉంది, అటు వెళ్లండి."

ఆసామి నవ్వుతూనే లేచాడు. వీధి చివర అతని కారు పక్కన నిలబడి ఉన్నవాణ్ణి చూసి పీతలక్క గుమ్మంలో ఆగిపోయింది. తమ్ముడు.

మర్నాడు తమ్ముడే వచ్చాడు. పీతల బుట్టలు కడుగుతున్న అక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కొత్త యంత్రం అక్కా. నా ఒక్కడి చేతికే ఇచ్చాడు. నేను కాదంటే రేపు ఇంకోడు ఎక్కుతాడు."

"ఎక్కనీ. వాడు నా తమ్ముడు కాడు కదా, నేనేం చేసినా పాపం ఉండదు."

"చెట్లే కదక్కా."

పీతలక్క తడిచేత్తో వాడి చెంప పగలగొట్టింది. తల్లి పోయిననాటి నుంచి వాడి మీద చెయ్యి వేయడం అదే మొదలు. వాడు చెంప తడుముకుంటూ లేచాడు. "బావ చెయ్యి జాగ్రత్తగా చూసుకోమను" అని గొణిగి వెళ్లిపోయాడు. అది బెదిరింపో, తెలిసిన సంగతి చెవిన వేయడమో ఆమెకి ఆ రోజు అర్థం కాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు.

నాలుగో రోజు పాటు వేళకి ఆడవాళ్లంతా నాట్లకి వెళ్లి ఉన్నారు. ఆసామి మేస్త్రీ తొమ్మిదిమందిని వెంటేసుకుని ముందు మొక్కల మడికి వెళ్లాడు. చెరువుల్లో చల్లే మందు పొడి బస్తాల కొద్దీ మొక్కల మీద కుమ్మరించారు. అక్కణ్ణించి వడ్రంగి షెడ్డుకి వచ్చారు. ఇద్దరు అతని కాళ్ల మీద కూర్చున్నారు. ఒకడు కుడిచెయ్యి దుంగ మీద పరిచి పట్టుకున్నాడు. మేస్త్రీ వడ్రంగి కొయ్యసుత్తే తీసుకుని బొటనవేలు నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్క వేలికీ మధ్యలో ఆగి, "అడవి జోలికి రావద్దని మీ ఆవిడకి చెప్తావా? చెప్తావా?" అని అడిగాడు. ఇరవయ్యేళ్లుగా పెదవి విప్పని మనిషి ఆ రోజు అరిచిన అరుపులు రేవు మొత్తం విన్నది. తలుపులు తీసినవాడు లేడు.

పీతలక్క వచ్చేసరికి అతను దుంగకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. అది చెయ్యిలా లేదు. పలకలకి పూసే తారు డబ్బా దొర్లిపోయి రక్తంలో కలిసింది. అతను ఆమెని చూసి, "నువ్వు వెళ్లొద్దు" అన్నాడు. అంతే అన్నాడు.

డాక్టరు రెండు వేళ్లు తీసేశాడు, మూడు నిలబెట్టాడు. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకున్నాయన, మేస్త్రీ ఆ రోజంతా పట్నంలో ఉన్నట్టు నలుగురు సాక్షులున్నారని చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి మొగుడికి అన్నం తినిపించి, గోడకున్న ఇనుప కొక్కెం తీసి రాతి మీద నూరడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండానే ఉదయం పూట యంత్రం కదిలిందని కబురు వచ్చింది. చెవిటి పెద్దమ్మ ఈల ఆగకుండా మోగింది. రెండు పేటల నుంచీ నూటయాభైమంది దాకా పరిగెత్తారు. చేతికి దొరికింది పట్టుకున్నారు, తెడ్లు, కొక్కేలు, చెక్కపేళ్లు, పడవ లంగరు. వడ్రంగి కూడా కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని వెనకాలే వచ్చాడు.

అడవి అంచున పొక్లెయిన్ అప్పటికే ముప్పై చెట్లు పెకలించింది. బకెట్ ఒక్క తోపుతో చెట్టు విరుగుతుంటే, వేళ్లతోపాటు బురద గడ్డలుగా లేచి పడుతోంది. ముందు వరుసలో మేస్త్రీ, అతని వెనక ఇనుప రాడ్లతో ఇరవైమంది. క్యాబిన్‌లో తమ్ముడు.

ఆ పూట ముందు రాయి విసిరింది పీతలక్కే. ఎవరూ ఇంకా అడుగు కదపలేదు, ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు. మేస్త్రీ ఆమె మొగుడి చేతికేసి చూసి నవ్వాడు. అంతే, ఆమె వంగి, చేతికందిన రాయి తీసి విసిరింది. అది మేస్త్రీకి తగల్లేదు. క్యాబిన్ అద్దానికి తగిలి సాలెగూడులా పగిలింది. ఆ చప్పుడుతో రెండు వైపులా కట్ట తెగింది.

తర్వాత జరిగింది వరసగా చెప్పడం ఎవరివల్లా కాలేదు. బురదలో పోట్లాట ఊరి పోట్లాటలా ఉండదు. పడ్డవాడు లేవలేడు, కొట్టేవాడు కాలు లాక్కోలేడు. చెవిటి పెద్దమ్మ దవడ మీద రాడ్డు పడింది, ఈలతోపాటు మూడు పళ్లు ఊడి పడ్డాయి. ఒకడి తొడలో కొక్కెం దిగి అవతలికి వచ్చింది. మేస్త్రీని నలుగురు ఆడవాళ్లు బురదలోకి బోర్లా తొక్కి పట్టారు. పీతలక్క వాడి కుడిచెయ్యి వెతికి పట్టుకుని, మోకాలు ఆనించి వెనక్కి విరిచింది. భుజం కీలు ఊడింది. వాడి నోటినిండా బురద, అరవడానికి కూడా వీల్లేదు. ఆమెకి ఆ క్షణం చాలా తృప్తిగా అనిపించింది. ఆ మాట కూడా ఆమె తర్వాత దాచలేదు.

తల ఎత్తి చూస్తే బక్కోడు యంత్రం చైను మీద కాలు వేసి క్యాబిన్ తలుపు పట్టుకుని లాగుతున్నాడు. "దిగరా! దిగు! మీ అక్క పిలుస్తోంది, దిగు!" అని అరుస్తున్నాడు. లోపల తమ్ముడు పెడుతున్న కేకలు యంత్రం రొదలో కలిసిపోతున్నాయి. ఒక్కసారిగా యంత్రం నడుము గిర్రున తిరిగింది. బక్కోడు జారి ముందువైపు బురదలో పడ్డాడు. లేవడానికి వంకర చేతిని ఆనించాడు, అది నిలవలేదు.

బకెట్ పైన ఉంది. పీతలక్క ఇరవై అడుగుల దూరంలో ఉంది. రెండు చేతులూ పైకెత్తింది. పగిలిన అద్దం పక్కన పగలని ముక్కలోంచి తమ్ముడి మొహం కనిపించింది. వాడు ఆమెనే చూస్తున్నాడు. "ఆపు" అన్నది. గొంతు వచ్చిందో లేదో తెలియదు గానీ నోరు ఆ మాటే పలికింది. వాడు చూస్తూనే ఉన్నాడు. బకెట్ దిగింది.

ఆ తర్వాత యంత్రం ఆగింది. పోట్లాట కూడా ఆగింది. ఆసామి మనుషులు రాడ్లు పారేసి పారిపోయారు. నిశ్శబ్దంలో బక్కోడి పెళ్లాం ఏదో వెతుకుతున్నట్టు నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, బకెట్ దగ్గర మోకాళ్ల మీద కూలబడింది.

జనం తమ్ముణ్ణి క్యాబిన్‌లోంచి జుట్టు పట్టి ఈడ్చారు. వాడు ఏ కాస్తా పెనుగులాడలేదు. మొదటి తెడ్డు వీపు మీద పడింది, రెండోది తల మీద. ఎవరో లంగరు ఎత్తారు. అప్పుడు పీతలక్క వెళ్లి వాడి మీద పడింది. వాణ్ణి తన ఒంటి కిందకి లాక్కుని, మొహం బురదకి అదిమి పట్టి, వీపు జనానికి ఇచ్చింది. లంగరు ఆగింది గానీ తెడ్లు ఆగలేదు. "లెగు! లెగవే! నువ్వు లెగకపోతే నువ్వూ చస్తావు!" అని తన వీధివాళ్లే అరుస్తూ కొట్టారు. పక్కటెముకలు రెండు విరిగాయి. ఆమె లేవలేదు. వడ్రంగి ఒంటిచేత్తో జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆమె మీద తాను పడ్డాడు. అప్పుడే ఆగారు.

కింద నుంచి తమ్ముడు "అక్కా, అక్కా" అంటున్నాడు. ఆమె వాడి చెవిలో, "నోరు ముయ్యి. నిన్ను బతికించింది వదిలెయ్యడానికి కాదు" అంది. పోలీసులు వచ్చేదాకా వాడి మీదనుంచి కదల్లేదు. వచ్చాక వాడి చొక్కా కాలర్ పట్టుకుని తనే జీపు ఎక్కించింది.

కేసు కోర్టుకి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా ఎటునుంచి ఒత్తిళ్లు రాలేదు గనక! మరదలు, అంటే తమ్ముడి పెళ్లాం, వచ్చి కాళ్లావేళ్లా పడింది. "వదినా, అద్దం పగిలింది, కనపళ్లేదు అని ఒక్క మాట చెప్పు. ఒక్క మాట. అది పూర్తి అబద్ధం కూడా కాదు కదా." కమిటీవాళ్లు ఇంకో వైపు నుంచి వచ్చారు. "రాళ్లు ముందు వాళ్లే వేశారని చెప్పక్కా. లేకపోతే మనవాళ్లు నలుగురైనా లోపలికి పోతారు." ఇద్దరికీ ఆమె ఒకే జవాబు చెప్పింది. "ఆలోచిస్తాను." నిజానికి ఆలోచించడానికి ఆమెకి ఏమీ లేదు. తనకున్న ఒక్క నోటితో రెండు వైపులకీ రెండు అబద్ధాలు చెప్పే ఓపిక లేదు.

బోనులో నిలబడ్డప్పుడు విరిగిన పక్కటెముక ఇంకా సలుపుతోంది. తమ్ముడి తరఫు వకీలు మెత్తగా అడిగాడు.

"అద్దం పగిలి ఉంది. మీ తమ్ముడు భయపడి ఉన్నాడు. ముందున్నది కనిపించలేదు. అంతే కదమ్మా?"

"భయపడ్డాడు. అది నిజం. కానీ కనిపించింది."

"మీకెలా తెలుసు?"

"నా కళ్లలోకి చూశాడు. నేను చేతులెత్తాను. వాడు ఆ బకెట్‌తో గాజు సీసా ఎత్తి నా ఒళ్లో పెట్టాడండీ, చుక్క ఒలకలేదు. ఆపాలనుకుంటే ఆపేవాడు."

తమ్ముడు తల దించుకున్నాడు. వెనక బెంచీలో మరదలు చెప్పలేని మాటొకటి గట్టిగా అంది.

ఆసామి తరఫు వకీలు లేచాడు. "ఆ రోజు మొదటి రాయి ఎవరు విసిరారు?"

కమిటీవాళ్లంతా బెంచీల మీద ముందుకి వంగారు.

"నేనే."

"మేస్త్రీ భుజం ఎవరు విరిచారు?"

"అదీ నేనే. వాడు మా ఆయన చెయ్యి విరిచాడు. అది రాసుకోండి. నేను విరిచింది కూడా రాసుకోండి."

తీర్పు వచ్చింది. తమ్ముడికి ఏడేళ్లు. రేవులో అరుపులు విని తలుపులు తియ్యని వాళ్లలో ముగ్గురు ఆమె సాక్ష్యం విన్నాక సిగ్గుపడి ముందుకొచ్చి చెప్పడంతో మేస్త్రీకి నాలుగేళ్లు పడ్డాయి. పీతలక్కకి ఎనిమిది నెలలు, ఇంకో ముగ్గురు ఆడవాళ్లకి మూడేసి నెలలు. ఆ ముగ్గురి ఇళ్లవాళ్లు చాలాకాలం ఆమె మొహం చూడలేదు. ఆసామి మీద ఏదీ రుజువు కాలేదు. కానీ అంత రక్తం పారాక ఆ వంద ఎకరాల కాగితాలు ఎవరో ఒకరు తెరిచి చూడక తప్పలేదు. చూస్తే, సంతకం పెట్టినట్టున్న అధికారి ఆ తారీఖుకి మూడేళ్ల ముందే చనిపోయాడు. కాగితాలు రద్దయ్యాయి. అడవి మళ్లీ కమిటీ చేతికి వచ్చింది. యంత్రం లేపిన మట్టి గట్లని ఊరివాళ్లే పారలతో తెగ్గొట్టి పోటునీరు లోపలికి వదిలారు.

పీతలక్క జైలు నుంచి వచ్చేసరికి వడ్రంగి ఎడమచేత్తో సుత్తి పట్టడం నేర్చుకుంటున్నాడు. రోజుకి నాలుగు మేకులు దిగేవి, రెండు వంకర పోయేవి. ఆమె పలక పట్టుకుని కూర్చునేది. మరదలు ఇల్లు ఖాళీ చేసి పుట్టింటికి వెళ్లిపోయింది. నెలకోసారి పీతలక్క జైలుకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడేది. తమ్ముడు మొదటి పదకొండు నెలలూ బయటికి రాలేదు. పన్నెండో నెల వచ్చి ఊచల అవతల నిలబడ్డాడు. ఆమె తెచ్చిన సబ్బులు తీసుకుని, వెళ్లబోతూ, "బావ చెయ్యి ఎలా ఉంది?" అని అడిగాడు. "మూడు వేళ్లతో ఉంది" అని ఆమె చెప్పింది.

కమిటీలో మళ్లీ కాపలా వంతులు వేసుకున్నారు. ఇష్టం ఉన్నా లేకపోయినా చీటీల్లో వచ్చిన జతే జత. ఒక రోజు చీటీలో పీతలక్కకి జతగా బక్కోడి పెళ్లాం వచ్చింది. వేరే చీటీ తీద్దామని చెవిటి పెద్దమ్మ ఊడిన పళ్లతో ఏదో సణిగింది. బక్కోడి పెళ్లాం వద్దంది. ఇద్దరూ పడవెక్కారు.

కొత్తగా నాటిన వరసల దగ్గర పడవ ఆపినప్పుడు బక్కోడి పెళ్లాం అడిగింది.

"ఆ రోజు నీ తమ్ముడి మీద పడ్డావు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేను గుర్తొచ్చానా అక్కా?"

పీతలక్క తెడ్డు ఒళ్లో పెట్టుకుంది. ఏదో ఒకటి చెప్పి ఓదార్చవచ్చు. ఆవిడ దానికోసం అడగలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"లేదు. నువ్వు గుర్తు రాలేదు. నాలుగేళ్ల పిల్లాడొక్కడే గుర్తొచ్చాడు."

ఆవిడ పడవ అంచు పట్టుకుని మొక్కల వరసకేసి తిరిగింది.

"వాణ్ణి చంపనిచ్చి ఉంటే బాగుండేదని నాకు రోజూ అనిపిస్తుంది."

"అనిపించనీ. నన్ను తిట్టు, కొట్టాలనుంటే కొట్టు. తెడ్డు ఇదిగో."

బక్కోడి పెళ్లాం తెడ్డు అందుకుంది. పీతలక్క కళ్లు మూసుకోలేదు, వెనక్కి జరగలేదు. ఆవిడ తెడ్డు నీళ్లలో వేసి, పడవని మొక్కల వరసకి ఇంకాస్త దగ్గరగా తిప్పింది.

"ఈ వైపు పీతలు కొరికేశాయి. మళ్లీ నాటాలి. సంచి ఇటివ్వు."

ఇద్దరూ బురదలోకి దిగారు. నీళ్లు పోటెక్కేలోగా అరవై మొక్కలు నాటారు. ఆ తర్వాత వారం చీటీల్లో వేరే జతలు వచ్చినా, బక్కోడి పెళ్లాం తన చీటీ మార్చుకుని పీతలక్క పడవలోనే ఎక్కింది.